ఎం13 నడుమ తెల్లముద్ద: ఎక్స్‌పోజర్ పెంచాలా, తగ్గించాలా?

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. గుంటూరులో డాబా మీద 8 అంగుళాల ఎఫ్/5 న్యూటోనియన్ (అద్దంతో పనిచేసే టెలిస్కోపు), ఆకాశంతో పాటు తిరిగే ఈక్యూ5 తరహా మౌంట్, ఏపీఎస్-సీ సెన్సర్ ఉన్న డీఎస్‌ఎల్‌ఆర్‌తో హెర్క్యులిస్ రాశిలోని ఎం13 అనే గోళాకార నక్షత్ర గుచ్ఛాన్ని (క్లస్టర్) తీశారు. ఐఎస్‌ఓ 1600, ఒక్కో ఫ్రేము మూడు నిమిషాలు. గుచ్ఛం నడిభాగం తెల్లముద్దగా వచ్చింది. నక్షత్రాలన్నీ ఒకే తెలుపు. మూలల్లో ఉన్నవి తోకలు వచ్చినట్టు సాగిపోయాయి. ఇంకా ఎక్కువసేపు తీయాలా, లైట్ పొల్యూషన్ ఫిల్టర్ కొనాలా, పిల్లలకోడి (కృత్తిక) ఈ టెలిస్కోపులో ఎందుకు పట్టడం లేదు అని అడిగారు.

ఎక్స్‌పోజర్ పెంచకండి, బాగా తగ్గించండి. 30 సెకన్లు, ఐఎస్‌ఓ 400 నుంచి 800 మధ్య మొదలుపెట్టండి. ఫిల్టర్ సంగతి చివర్లో చెబుతాను.

నెబ్యులాలు, గెలాక్సీలు తీసేవాళ్లు ఐదు నిమిషాలు, పది నిమిషాలు అంటూ ఉంటారు. అది విని క్లస్టర్లకూ అదే పద్ధతి అనుకోవడం చాలా మందికి జరిగేదే. నెబ్యులా వెలుతురు లక్షల పిక్సెళ్ల మీద పలచగా పరుచుకుంటుంది, ఒక్కో పిక్సెల్‌కి వచ్చేది బహు తక్కువ. నక్షత్రం అలా కాదు. దాని వెలుతురంతా కొద్దిపాటి పిక్సెళ్ల మీదే పడుతుంది. ఎం13లోని ప్రకాశవంతమైన నక్షత్రాలు 12వ మాగ్నిట్యూడ్ (ప్రకాశాన్ని చెప్పే అంకె, పెరిగే కొద్దీ మసక) దరిదాపుల్లో ఉంటాయి. 8 అంగుళాల అద్దానికి ఐఎస్‌ఓ 1600 దగ్గర అవి అర నిమిషం లోపే పిక్సెళ్లను నింపేస్తాయి. మిగతా రెండున్నర నిమిషాలూ నిండిన పిక్సెళ్ల మీద వెలుతురు వృథాగా పడుతూ ఉంటుంది, నక్షత్రం అంచులు ఉబ్బుతూ పోతాయి. పక్కపక్కనే వేల నక్షత్రాలున్న చోట ఆ ఉబ్బులన్నీ కలిసిపోతే మీకు కనిపించిన తెల్లముద్ద తయారవుతుంది.

కాబట్టి క్లస్టర్ల ఫొటోగ్రఫీలో వెలుతురు సేకరించడం అసలు కష్టమే కాదు. వచ్చిన వెలుతురును చిన్న, గుండ్రటి, రంగున్న చుక్కగా నిలపడమే మొత్తం పని. ఫోకస్, కొలిమేషన్ (అద్దాల అమరిక), ట్రాకింగ్, ఎక్స్‌పోజర్ అన్నింటినీ ఆ ఒక్క ప్రశ్నతో చూడండి: దీనివల్ల చుక్క చిన్నదవుతుందా, పెద్దదవుతుందా?

ఉబ్బడం అనేది డిజిటల్ కెమెరాతో వచ్చిన సమస్య కాదు. హైదరాబాద్‌లోని నిజామియా అబ్జర్వేటరీ 20వ శతాబ్దం మొదటి సగంలో అంతర్జాతీయ ఆస్ట్రోగ్రాఫిక్ కేటలాగ్ కోసం ఆకాశాన్ని గాజుపలకల మీద ఫొటోలు తీసింది. వాళ్లు వాడిన ఆస్ట్రోగ్రాఫ్ కూడా 8 అంగుళాలదే. ఆ రోజుల్లో పలక మీద నక్షత్రం ఎంత ప్రకాశవంతమైతే అంత పెద్ద చుక్కగా పడేది. ఆ చుక్క వ్యాసాన్ని కొలిచే ప్రకాశాన్ని లెక్కగట్టేవారు. వాళ్లకు అది కొలమానం, మనకు మాత్రం అడ్డంకి.

తక్కువ ఎక్స్‌పోజర్ పెడితే మసక నక్షత్రాలు పోవా అని అనుమానం వస్తుంది. పోవు. సెన్సర్‌కి రీడ్ నాయిస్ (డేటా చదివేటప్పుడు చేరే రొద) అని ఒకటి ఉంటుంది, ప్రతి ఫ్రేముకీ ఒకసారి తప్పకుండా చేరుతుంది. చీకటి కొండ మీద అయితే దాన్ని మింగేయడానికి ఎక్కువ నిమిషాలు కావాలి. ఊళ్లో ఆకాశమే వెలుగుతూ ఉంటుంది కనుక, మీ టెలిస్కోపుతో 30 సెకన్లకే ఆకాశపు నాయిస్ రీడ్ నాయిస్‌ని దాటేస్తుంది. ఆ తరువాత ఒక్కో ఫ్రేమును పొడిగించినా, ఫ్రేముల సంఖ్య పెంచినా ఫలితం దాదాపు ఒకటే. 30 సెకన్లవి 120 తీస్తే గంట డేటా. గాలి వీచి ఓ ఫ్రేము కదిలినా, విమానం అడ్డొచ్చినా పోయేది అర నిమిషమే. గైడింగ్ (ఒక నక్షత్రాన్ని చూస్తూ మౌంట్‌ను సరిదిద్దడం) లేని ఈక్యూ5తో మూడు నిమిషాల ఫ్రేముల్లో సగం పారేయాల్సి వస్తుంది. 30 సెకన్లవి ఎక్కువ భాగం పనికొస్తాయి.

ఎక్స్‌పోజర్ సరిపోయిందో లేదో కెమెరా వెనక స్క్రీన్ చూసి నిర్ణయించకండి. ఒక రా ఫైలు తీసి సిరిల్‌లో తెరవండి. ఉచిత సాఫ్ట్‌వేరే. గుచ్ఛం నడుమ బాగా జూమ్ చేసి, మెరిసే చుక్క మధ్య పిక్సెల్ మీద మౌస్ పెడితే దాని విలువ కనిపిస్తుంది. 14 బిట్ కెమెరాలో గరిష్ఠ విలువ 16,383. చాలా కెమెరాల్లో ఆచరణలో అంతకంటే కాస్త కిందే పైకప్పు తగులుతుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ పైకప్పును తాకితే ఆ నక్షత్రం రంగు ఇక లేనట్టే. ఏ ప్రాసెసింగూ దాన్ని వెనక్కి తేలేదు. గుచ్ఛంలో నాలుగైదు నక్షత్రాలు మాత్రమే తాకితే ఫర్వాలేదు. పదుల కొద్దీ తాకితే ఐఎస్‌ఓని సగానికి దించండి.

రంగు గురించి ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. ఎం13 వయసు దాదాపు 1,200 కోట్ల ఏళ్లు. అందులో బాగా మెరిసేవి దాదాపు అన్నీ ఎర్ర దిగ్గజాలు, అంటే నడిభాగంలో హైడ్రోజన్ అయిపోయి, పైపొరలు ఉబ్బి చల్లబడినవి. ఫొటోలో అవి పసుపు, నారింజ రంగుల్లో రావాలి. వాటి కంటే మూడు మాగ్నిట్యూడ్లు మసకగా, 15వ మాగ్నిట్యూడ్ దగ్గర, నీలి నక్షత్రాలు జల్లినట్టు ఉంటాయి. అవి దిగ్గజ దశ దాటి, నడుమ హీలియంని మండిస్తున్నవి. పై హైడ్రోజన్ పొర పలచబడడంతో వేడెక్కి నీలంగా కనిపిస్తాయి. ఈ నీలి చుక్కలు ఎక్కువగా ఉండడం ఎం13 ప్రత్యేకత. మీ ఫొటోలో నారింజ చుక్కల మధ్య ఇవి విడిగా కనిపించిన రోజు, ఒక నక్షత్రం జీవితంలోని రెండు వేర్వేరు దశలు ఒకే ఫ్రేములో ఉన్నట్టు. 22 వేల కాంతి సంవత్సరాలకు పైగా దూరాన ఉన్నదాన్ని గుంటూరు డాబా మీంచి ఇంత వివరంగా పట్టగలగడం మామూలు విషయం కాదు. అంతా తెల్లగా వచ్చిన ఫొటోలో ఈ కథంతా చెరిగిపోతుంది.

ఇక ఫోకస్. పావెల్ బాహ్టినోవ్ అనే రష్యన్ ఔత్సాహికుడు 2005లో కనిపెట్టిన మాస్క్ (టెలిస్కోపు నోటికి పెట్టే చీలికల మూత) ఉంది కదా, అది లేకుండా క్లస్టర్ల జోలికి వెళ్లొద్దు. ఎం13కి దగ్గర్లో మెరిసే నక్షత్రం ఏదైనా, వేగా అయినా సరే, మాస్క్ పెట్టి లైవ్ వ్యూలో పదింతలు జూమ్ చేయండి. ఇంటూ ఆకారంలో రెండు గీతలు, వాటి నడుమ మూడో గీత కనిపిస్తాయి. ఫోకసర్ తిప్పుతుంటే ఆ మూడోది పక్కకి జరుగుతూ ఉంటుంది. రెండు గీతలు ఖండించుకునే చోటు మీదుగా అది సరిగ్గా వెళ్లాలి. "దాదాపు మధ్యలోనే ఉంది" దగ్గర ఆగిపోకండి. ఐదు సెకన్ల ఫొటో తీసి దాని మీద చూసుకోండి, లైవ్ వ్యూలో గాలి అలల వల్ల గీత వణుకుతూ మోసం చేస్తుంది. అయ్యాక మాస్క్ తీయడం మరిచిపోకండి.

ఎఫ్/5 దగ్గర ఫోకస్ సరిగ్గా ఉండే మందం మిల్లీమీటరులో పదిహేనో వంతు. స్టీలు ట్యూబు మీటరు పొడవుంటే, ఉష్ణోగ్రత 5 డిగ్రీలు పడిపోగానే దాదాపు అంతే కుంచించుకుపోతుంది. అంటే రాత్రి తొమ్మిదింటికి చక్కగా కుదిరిన ఫోకస్ పన్నెండింటికి ఉండదు. రెండు మూడు డిగ్రీలు తగ్గినప్పుడల్లా మాస్క్ మళ్లీ పెట్టి చూడాలి. నెబ్యులాలో ఈ తేడా అంతగా తెలియదు, క్లస్టర్‌లో మొదటి చూపులోనే తెలిసిపోతుంది.

మూలల్లో తోకల విషయానికి వస్తే, అవి ఏ వైపు సాగాయన్నదే రోగ నిర్ధారణ. స్టాక్ చేసిన (ఫ్రేములన్నీ కలిపిన) దాన్ని వదిలేసి ఒకే ఒక్క ఫ్రేమును రెండింతలు జూమ్ చేసి నాలుగు మూలలూ, మధ్య భాగం చూడండి. అన్ని చోట్లా ఒకే దిక్కుకు సాగితే ట్రాకింగ్ లోపం. మధ్యలో గుండ్రంగా ఉండి, నాలుగు మూలల్లోనూ కేంద్రం నుంచి బయటికి సాగితే కోమా అనే ఆప్టికల్ దోషం. ఒక పక్క బాగుండి, ఎదుటి పక్కే చెడిపోతే కొలిమేషన్ తప్పడమో, కెమెరా వంకరగా కూర్చోవడమో. మీరు చెప్పినదాన్ని బట్టి మీది కోమాయే. అది మీ తప్పూ కాదు, అద్దం తప్పూ కాదు. పారాబోలా అద్దం స్వభావమే అంత. ఎఫ్/5 అద్దంలో కోమా దాదాపు లేని భాగం నడుమ రెండు మూడు మిల్లీమీటర్లే. మీ సెన్సర్ మూల నుంచి మూలకి 27 మిల్లీమీటర్లు.

దీనికి మందు కోమా కరెక్టర్. దాని వెనక అంచు నుంచి సెన్సర్‌కి సాధారణంగా 55 మిల్లీమీటర్లు ఉండాలి. డీఎస్‌ఎల్‌ఆర్‌కి సరైన టీ-రింగ్ (కెమెరాను తగిలించే అడాప్టర్) పెడితే ఆ దూరం దానంతట అదే కుదురుతుంది. అది కొనేవరకు ఎం13ని ఫ్రేము మధ్యలో పెట్టి చుట్టూ క్రాప్ చేసుకోండి. 1000 మిల్లీమీటర్ల ఫోకల్ లెంగ్త్ దగ్గర 20 ఆర్క్‌మినిట్ల (డిగ్రీలో మూడో వంతు) గుచ్ఛం సెన్సర్ మీద 6 మిల్లీమీటర్లే, మూలల అవసరం లేకుండానే మంచి ఫొటో వస్తుంది. అయితే కొలిమేషన్ మాత్రం ప్రతిసారీ చూసుకోవాల్సిందే. ట్యూబును మేడ మీదికి మోసుకెళ్లే ప్రతిసారీ అద్దం ఎంతో కొంత కదులుతుంది. అద్దాల అమరిక చూపించే చెషైర్ ఐపీస్‌తో సరిచేసి, చివరగా అధిక మాగ్నిఫికేషన్‌లో ఒక నక్షత్రాన్ని ఫోకస్ నుంచి కాస్త తప్పించి చూడండి. రింగులు ఒకే కేంద్రం చుట్టూ ఉండాలి.

పోలార్ అలైన్‌మెంట్ (మౌంట్ అక్షాన్ని ధ్రువం వైపు గురిపెట్టడం) దగ్గర మన ప్రాంతానికి ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. గుంటూరులో ధ్రువ నక్షత్రం 16 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. పక్కింటి నీళ్ల ట్యాంకు చాలు దాన్ని దాచేయడానికి. అదీ లేకపోతే దిగంతం దగ్గరి దుమ్ము, వీధిలైట్ల వెలుగు. యూరప్‌లోనో అమెరికాలోనో తీసిన వీడియోల్లో పోలారిస్ (ధ్రువ నక్షత్రం) బాగా ఎత్తులో మెరుస్తూ ఉంటుంది కాబట్టి వాళ్లకది రెండు నిమిషాల పని. మీకు కనిపించకపోతే టెన్షన్ పడకండి. ల్యాప్‌టాప్ ఉంటే నీనా అనే సాఫ్ట్‌వేర్‌లో, ఆకాశంలో మూడు చోట్ల ఫొటోలు తీసి లోపాన్ని లెక్కగట్టే పద్ధతి ఉంది, దానికి పోలారిస్ కనిపించనక్కర్లేదు. ల్యాప్‌టాప్ లేకపోతే నక్షత్రం ఎటు జారుతుందో చూసి సరిచేసే పాతకాలపు డ్రిఫ్ట్ పద్ధతి ఉంది. అరగంట పడుతుంది కానీ నమ్మకమైనది. ఇంత తక్కువ అక్షాంశంలో కొన్ని మౌంట్లకు కౌంటర్‌వెయిట్ రాడ్డు ట్రైపాడ్ కాలికి తగులుతుంది. ఆ కాలు ఉత్తరం వైపు రాకుండా ట్రైపాడ్‌ని తిప్పి పెట్టుకుంటే సరిపోతుందేమో ముందు పగలే చూసుకోండి. ఇక ఫొటోలు తీస్తున్నంతసేపూ డాబా మీద నడవకండి. స్లాబు కదలిక టెలిస్కోపులో తెలుస్తుంది.

ఎండాకాలంలో ఆ స్లాబు అర్ధరాత్రి దాకా సెగలు కక్కుతూనే ఉంటుంది. ఆ వేడి గాలి అద్దం ముందు నుంచే పైకి లేస్తుంది. అందుకే ఎం13ని రాత్రి ఎనిమిదింటికి తూర్పున లేస్తుండగా తీయకండి. ఏప్రిల్ మొదట్లో అది తెల్లవారుజామున నాలుగింటికి, మే మొదట్లో రెండింటికి అత్యంత ఎత్తుకు వస్తుంది. అప్పుడు గుంటూరులో 70 డిగ్రీల ఎత్తు. స్లాబు చల్లబడి ఉంటుంది, గాలి నిలకడగా ఉంటుంది, ఊళ్లో లైట్లూ కొన్ని ఆరి ఉంటాయి. జూన్ వస్తే మబ్బులు. కనుక ఆ రెండు నెలలే మనకు ఎం13 సీజన్. నిద్ర మానుకోవడానికి తగిన ఫలితం ఉంటుంది.

పిల్లలకోడి, అదే కృత్తిక, పట్టకపోవడానికి కారణం సులువు. మీ ఫ్రేము వెడల్పు 1.3 డిగ్రీలు, ఎత్తు 0.85 డిగ్రీలు. కృత్తిక దాదాపు రెండు డిగ్రీలు పరుచుకుని ఉంటుంది. పుష్యమిలోని ఎం44 కూడా డిగ్రీన్నర. వీటికి టెలిస్కోపు పక్కనపెట్టి, అదే మౌంట్ మీద 200 నుంచి 400 మిల్లీమీటర్ల లెన్సు పెట్టండి. కృత్తికకి మాత్రం వెలుతురు సేకరించడం కష్టం కాదని నేను పైన చెప్పిన మాటకి మినహాయింపు ఉంది. దాని చుట్టూ నీలి పొగమంచులా కనిపించేది దుమ్ము. ఆ నక్షత్రాలు పుట్టిన మేఘంలో మిగిలినది కాదు, గుచ్ఛం ఇప్పుడు దారిలో దాటుతున్న వేరే మేఘం, నక్షత్రాల వెలుతురు దాని మీద పడి చెదురుతోంది. అది పడాలంటే చీకటి ఆకాశం, గంటల కొద్దీ డేటా తప్పవు. కార్తీక మాసంలో ఊరికి వెళ్లినప్పుడు పెట్టుకోండి ఆ పని.

మీ 1000 మిల్లీమీటర్లకి చక్కగా సరిపోయేవి వేరే ఉన్నాయి. చలికాలంలో మిథునంలోని ఎం35. దాని అంచునే ఎన్‌జీసీ 2158 అనే చిన్న గుచ్ఛం కనిపిస్తుంది. చూడ్డానికి జంటలా ఉంటాయి కానీ ఎం35 మూడు వేల కాంతి సంవత్సరాల లోపే, రెండోది దానికి ఎన్నో రెట్లు వెనక. ఒకదానిలో చుక్కలు విడివిడిగా, రెండోదానిలో ఇసుక పోసినట్టు. ఫోకస్ పరీక్షకి ఇంతకంటే మంచి చోటు లేదు. అలాగే పెర్సియస్‌లోని జంట గుచ్ఛం, జ్యేష్ఠ పక్కనే ఉన్న ఎం4, ధనూరాశిలో ఎం22.

వీటన్నింటికంటే ముందు మీరు తీయాల్సింది ఒమేగా సెంటారీ. గోళాకార గుచ్ఛాల్లో మన ఆకాశంలో అతి ప్రకాశవంతమైనది. సుమారు కోటి నక్షత్రాలు, 17 వేల కాంతి సంవత్సరాల దూరం, ఆకాశంలో పరిమాణం పున్నమి చంద్రుడంత. నక్షత్రపటాలు గీసిన బేయర్ 1603లో దీన్ని నక్షత్రం అనుకునే ఒమేగా అని అక్షరం ఇచ్చాడు. 1677లో సెయింట్ హెలెనా దీవి నుంచి ఖగోళ శాస్త్రవేత్త హాలీ చూసి ఇది నక్షత్రం కాదన్నాడు. లండన్ నుంచి ఇది ఎప్పటికీ కనిపించదు. మీ డాబా నుంచి దక్షిణాన 26 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. ఏప్రిల్ మధ్యలో అర్ధరాత్రికి, మే మధ్యలో రాత్రి పదింటికి. దక్షిణం వైపు ఊరి వెలుగు తక్కువగా ఉన్న చోటు దొరికితే మరీ మంచిది.

అయితే ఆ ఎత్తులో నెత్తిమీద కంటే రెండింతలకు పైగా గాలి పొర గుండా చూస్తున్నట్టు. గాలి పట్టకంలా పనిచేసి ప్రతి చుక్కనీ నిలువుగా చీలుస్తుంది. ఒక అంచు ఎరుపు, ఎదుటి అంచు నీలం వస్తాయి. ఇది లెన్సు లోపం అనుకుని కంగారుపడేవాళ్లున్నారు. స్టాకింగ్ అయ్యాక మూడు రంగుల చానెళ్లనూ విడదీసి, ఒకదానిపై ఒకటి మళ్లీ అలైన్ చేసి కలిపితే చాలావరకు సర్దుకుంటుంది. అది దక్షిణ రేఖకి చేరే సమయానికి అటూ ఇటూ గంట చొప్పున మాత్రమే తీయండి.

ప్రాసెసింగ్‌లో ఎక్కువ చేయడం కంటే తక్కువ చేయడమే మేలు. ఫ్లాట్స్ (సమంగా వెలిగే తలాన్ని తీసినవి), డార్క్స్ (మూత పెట్టి తీసినవి) తప్పకుండా తీసుకోండి. సిరిల్‌లో స్టాక్ చేసేటప్పుడు చుక్కల వెడల్పు ఎక్కువగా ఉన్న ఫ్రేములను, అంటే గాలి బాగోలేని సమయంలో వచ్చినవాటిని, ఐదో వంతు దాకా నిర్దాక్షిణ్యంగా తీసేయండి. నెబ్యులాలో ఒక్క ఫ్రేము వదులుకోవాలన్నా ప్రాణం ఒప్పదు, ఇక్కడ చెడ్డ ఫ్రేము కలిపితే మంచివాటికీ నష్టమే. తరువాత నేపథ్యం సరిచేసి, ఫొటోమెట్రిక్ కలర్ కాలిబ్రేషన్ చేయండి. నక్షత్రాల కొలిచిన రంగులను కేటలాగ్ నుంచి తీసుకుని అది సరిచూస్తుంది. ఆ తరువాత స్ట్రెచ్, అంటే మసక భాగాలను వెలిగించడం. అసలు తెల్లముద్ద సగం సందర్భాల్లో పుట్టేది ఇక్కడే. ఆటో స్ట్రెచ్ నొక్కి అలాగే సేవ్ చేస్తే, సరిగ్గా తీసిన డేటా కూడా ముద్దయిపోతుంది. ఆసిన్-హెచ్ స్ట్రెచ్ వాడండి, అది రంగుల నిష్పత్తిని చెడనివ్వదు. కొంచెం కొంచెంగా లాగుతూ, నడిభాగంలో చుక్కలు విడిగా కనిపిస్తున్నంత వరకే వెళ్లి ఆగండి. బయటి మసక నక్షత్రాలు ఇంకా రావాలనిపిస్తుంది. ఆ ఆశకి పోతేనే నడుమ పాడయ్యేది. ఎం13కి అర డిగ్రీ దూరంలో ఎన్‌జీసీ 6207 అనే చిన్న గెలాక్సీ ఉంటుంది, 11వ మాగ్నిట్యూడ్ కంటే కాస్త మసకగా. అది మీ ఫ్రేములో తెలుస్తుంటే లోతు సరిపోయినట్టే.

ఇక ఫిల్టర్. హైడ్రోజన్, ఆక్సిజన్ కాంతిని మాత్రమే పంపే డ్యుయల్ బ్యాండ్ ఫిల్టర్లు ఉద్గార నెబ్యులాలకి అద్భుతంగా పనిచేస్తాయి, ఎందుకంటే వాటి వెలుతురు ఆ సన్నని పట్టీల్లోనే ఉంటుంది. నక్షత్రం వెలుతురు అన్ని రంగుల్లోనూ ఉంటుంది. ఫిల్టర్ వీధిలైటుతో పాటు నక్షత్రాన్నీ కోసేస్తుంది, పైగా పసుపు, నారింజ రంగులు చెడతాయి. కృత్తిక చుట్టూ ఉన్న దుమ్ముకీ ఇదే వర్తిస్తుంది, అది చెదిరిన నక్షత్రకాంతే కదా. కాస్త వెన్నెల ఉన్న రాత్రుల్లో కూడా, చంద్రుడు దూరంగా ఉంటే, గోళాకార గుచ్ఛాలు ఫిల్టర్ లేకుండానే బాగా వస్తాయి. ఫిల్టర్ కోసం పక్కన పెట్టుకున్న డబ్బుతో కోమా కరెక్టర్ కొనండి.